పరాయి దేశంలో ఆపరేషన్ – మనవారు తెలుసుకోవలసిన సంగతులు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని ఎప్పటిలాగే తాలీమ్ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్రతి ఏడూ అదే చెబుతున్నాము. మీరు వింటూనే ఉన్నారు, పిల్లలు బడి మానుతూనే ఉన్నారు. అందుచేత ఈ ఏడు వారి అనుమతి తీసుకొని వేరొక సంగతి చెప్పదలచాము. అయితే చివరకు అదీ చదువు సంగతే అని మీకే తెలుస్తుంది. చదువుకున్నామనుకునే మాబోటివాళ్లు చేసిన పొరపాటు సంగతి.

మన గుడివాడలోను, బందరులోను, అవనిగడ్డ వైపు దివిసీమలోను గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి లేదు. ఇది నిన్న మొన్నటి సంబంధం కాదు. బందరు అన్న మాటే పారసీ మాట, రేవు అని అర్థం. గోల్కొండ నవాబుల కాలంలో మన బందరు నుండి బట్టలు ఓడలెక్కి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు పోయేవి. 1961 వరకు కువైట్‌లో చెల్లిన రూపాయి కూడా మన రిజర్వు బ్యాంకు వేసిందే. ఆ ఏడే వారికి దీనారు వచ్చింది. ఆనాడు మన బట్ట పోయింది, ఈనాడు మన పిల్లలు పోతున్నారు. బట్టకు జబ్బు చేయదు. మనిషికి చేస్తుంది. ఆ మనిషికి చిన్న ఆపరేషన్ అవసరం పడితే అక్కడ ఏ ఆసుపత్రికి పోవాలి, ఎంత అవుతుంది, ఎవరు కట్టాలి అన్నది పంపే ముందు మనలో ఎంతమంది అడుగుతున్నాము? వీసా ఎంత, టిక్కెట్టు ఎంత, జీతం ఎంత – ఈ మూడే అడుగుతాము.

ఇక మా పొరపాటు సంగతి.

మా వీధిలో ఒక ఖాలా ఉన్నారు. ఆమె కొడుకు మా దగ్గరే ఉర్దూ అక్షరాలు దిద్దుకున్నాడు. పేరు చెప్పము, అబ్బాయికి ఇష్టం ఉండదు. కువైట్‌లో ఒక కంపెనీ గోదాములో బస్తాలు, పెట్టెలు ఎత్తే పని. జీతం నూరు దీనార్లు. 2015 వానాకాలంలో అతనికి గజ్జలో చిన్న ఉబ్బు కనిపించింది. పడుకుంటే లోపలికి పోయేది, బరువెత్తితే బయటికి వచ్చేది. మన భాషలో చెప్పాలంటే గిలక, డాక్టర్లు హెర్నియా అంటారు. తోటివారితో కలిసి ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే, ఆపరేషన్‌కు ఆరు వందల దీనార్లు అవుతుందన్నారు. అంటే ఆరు నెలల జీతం. దీనారు అప్పటికే రెండు వందల రూపాయల పైచిలుకు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. గుండె జారిపోయింది వాడికి.

అప్పుడు వాడు తన దగ్గరున్న కాగితాలన్నీ ఫొటోలు తీసి ఇంటికి పంపించాడు. ఖాలా ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చారు. “మాస్టర్ సాబ్, ఇదంతా అరబ్బీలో ఉంది, మీరు చదివి చెప్పండి. ఇందులో వాడి ఇలాజ్‌కు పనికివచ్చేది ఏమైనా ఉందా?” అన్నారు.

మేము కళ్లజోడు పెట్టుకొని చదివాము. అక్షరాలు మనవే కదా! ఒక కాగితం మీద పెద్ద అక్షరాలలో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి ‘జమాన్’ అని చదివాము. ఉర్దూలో జమానత్ అంటే పూచీ, జామీను. రెండో మాట ‘సహీ’ అనుకున్నాము. కఫీల్ ఇచ్చిన పూచీకత్తు సరిగా ఉందని రాసిన కాగితం కాబోలనుకొని, “ఇది కఫీల్ జామీను కాగితం ఖాలా, ఆసుపత్రికి దీనికి సంబంధం లేదు. సెలవు మీద వచ్చేదాకా ఓర్చుకోమనండి. ఇక్కడ బందరులోనో బెజవాడలోనో చేయిద్దాం” అని ధైర్యంగా చెప్పి పంపాము. ఆమె మాకు దువా ఇచ్చి వెళ్లిపోయారు.

ఆ కాగితం మీద ఉన్నది ‘దమాన్ సిహ్హీ’. సిహ్హీ అంటే సెహత్‌కు చెందినది. దమాన్ అంటే అక్కడ బీమా. అది ఆరోగ్య బీమా రశీదు, సోదరులారా! కువైట్‌లో 1999 నాటి 1వ నంబరు చట్టం ప్రకారం ఇఖామా కట్టే ప్రతి విదేశీ ఉద్యోగికి ఆ బీమా తప్పనిసరి. ఏడాదికి 50 దీనార్లు. చట్టం ప్రకారం యజమాని కట్టవలసినది. లోకంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు, మా అబ్బాయి జీతంలోనే విరిచారు. ఆ డబ్బు కట్టినవాడు ఆనాడు సర్కారు దవాఖానాలో 1 దీనారు ఇచ్చి, పెద్ద ఆసుపత్రిలో స్పెషలిస్టుకు 2 దీనార్లు ఇచ్చి చూపించుకోవచ్చు. అక్కడే ఆపరేషనూ చేయించుకోవచ్చు. వాడు మూడేళ్లుగా డబ్బు కడుతూనే ఉన్నాడు, గుమ్మం మాత్రం ఎక్కలేదు. ఎక్కనక్కరలేదని చెప్పినవాళ్లం మేము.

ఎనిమిది నెలలు వాడు నడుముకు గుడ్డ బిగించి కట్టుకొని బస్తాలు మోశాడు. 2016 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఉబ్బు లోపలికి పోలేదు. రాయిలా గట్టిపడింది. వాంతులు మొదలయ్యాయి. తోటివారు భయపడి అంబులెన్సు పిలిస్తే సర్కారు ఆసుపత్రికే తీసుకుపోయారు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. పేగు బిగిసి నల్లబడిపోయినందున కొంత కోసి తీసేయవలసి వచ్చింది. అల్లా దయవల్ల ప్రాణం దక్కింది. బయటికి వచ్చేటప్పుడు చేతినుండి పడిన ఖర్చు కొద్ది దీనార్లే. అక్కడి కేరళ నర్సమ్మ కాగితాలు చూసి, “ఏడాదేడాదీ డబ్బు కట్టి ఇన్నాళ్లు ఎందుకు రాలేదయ్యా?” అని అడిగిందట. వాడు జవాబు చెప్పలేదట.

ఇంటికి వచ్చాక మా దగ్గరకు వచ్చి ఇదంతా చెప్పాడు. మేము తల ఎత్తలేకపోయాము. వాడు గాని, ఖాలా గాని ఈనాటి వరకు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికపడేవాళ్లం. ఈ సంగతి సభలో చెప్పటానికి ఆమె దగ్గర అనుమతి అడిగితే, “చెప్పండి మాస్టర్ సాబ్, ఇంకొక తల్లికి పనికి వస్తుంది” అన్నారు. అందుకే చెబుతున్నాము.

అప్పటినుండి మేము ఈ విషయం అడిగి, చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాము.

మొదటి సంగతి. అత్యవసరం వేరు, మామూలు ఆపరేషన్ వేరు. ప్రాణం మీదికి వస్తే గల్ఫ్ దేశాలలో ఏ సర్కారు ఆసుపత్రికైనా ముందు పోవాలి, కాగితాల సంగతి తరువాత. కాని హెర్నియా, మొలలు, పిత్తాశయంలో రాళ్లు, కంటి శుక్లం వంటివి రోజులు చూసుకొని చేయించుకొనే ఆపరేషన్లు. వీటికి బీమా, చిరునామా, పై ఆసుపత్రికి చీటీ అన్నీ సరిగా ఉండాలి. మనవారు చేసే తప్పు ఏమంటే, ఖర్చుకు భయపడి మామూలు దాన్ని అత్యవసరం అయ్యేదాకా ఊరుకోవటం. హెర్నియా ఉబ్బు లోపలికి పోకుండా నిలిచిపోయినా, నొప్పి ఎక్కువై వాంతులైనా, అక్కడి చర్మం రంగు మారినా గంటలలో ఆసుపత్రి చేరాలి. రేపు చూద్దాం అనుకోవద్దు.

రెండవ సంగతి, కువైట్ పద్ధతి. అక్కడ మనిషి నివాసం ఏ పేటలో ఉన్నదని బతాకాలో, అంటే సివిల్ ఐడీలో రాసి ఉంటుందో ఆ పేట దవాఖానాకే ముందు పోవాలి. దాన్ని ముస్తౌసఫ్ అంటారు. అక్కడి డాక్టరు చూసి పెద్ద ఆసుపత్రికి చీటీ రాస్తాడు. ఫర్వానియా వైపు వారికి ఫర్వానియా ఆసుపత్రి, జహ్రా వారికి జహ్రా ఆసుపత్రి, అలా ప్రాంతాల వారీగా ఉంటుంది. కనుక గది మారినప్పుడు బతాకాలో చిరునామా మార్పించుకోవాలి. ఇక రుసుముల సంగతి. 2017 అక్టోబరులో విదేశీయులకు పెంచారు. దవాఖానాలో 1 నుండి 2 దీనార్లకు, ఆసుపత్రి స్పెషలిస్టుకు 2 నుండి 10 దీనార్లకు పెరిగింది. 2022 డిసెంబరులో మందులకని దవాఖానాలో 5, స్పెషలిస్టు వద్ద 10 దీనార్లు అదనం చేశారు. 2025 డిసెంబరులో బీమా రుసుమే 50 నుండి 100 దీనార్లయింది. మా అబ్బాయి రోజులంత చౌక ఇప్పుడు లేదు. అయినా ప్రైవేటుతో పోలిస్తే తక్కువే. ఆపరేషన్‌కు, పరీక్షలకు, మంచానికి విడిగా ఏమి కట్టాలో ఒప్పుకునే ముందే కౌంటరులో అడిగి రాయించుకోవాలి. 2018లో తెరిచిన జాబర్ ఆసుపత్రి వంటిది ఆ దేశస్థుల కోసమని కట్టినది. అక్కడికి పోయి తిరిగి వచ్చి బాధపడనక్కరలేదు.

మూడవ సంగతి, మిగిలిన దేశాలు. సౌదీలో 1999 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగికి యజమాని బీమా చేయించాలి. ప్రీమియం జీతంలో విరవకూడదు. అక్కడ మామూలు ఆపరేషన్‌కు సర్కారు ఆసుపత్రి కంటె బీమా కంపెనీ జాబితాలో ఉన్న ఆసుపత్రే దారి. జాబితాలో లేనిచోట చేరితే బిల్లు మన నెత్తిమీద పడుతుంది. ఎమిరేట్స్‌లో అబూదబీకి ముందే ఉంది, దుబాయికి 2013లో చట్టం వచ్చింది. షార్జా, అజ్మాన్, రాసల్ ఖైమా, ఫుజైరా, ఉమ్మల్ ఖువైన్‌లకు 2025 జనవరి 1 నుండి వచ్చింది. ఈ ఐదింటి బీమా ఏడాదికి 320 దిర్హాములు, యజమానే కట్టాలి. ఆసుపత్రిలో చేరితే రోగి నూటికి 20 వంతున, ఒకసారికి 500 దిర్హాములకు మించకుండా కడితే చాలు. కతార్‌లో హమద్ సర్కారు ఆసుపత్రులలో చూపించుకోవటానికి హెల్త్ కార్డు ఉండాలి. విదేశీయులకు ఏడాదికి 100 రియాళ్లు. వంద రియాళ్లు మిగిల్చానని సంబరపడి కార్డు తీసుకోనివాడు తరువాత ఎన్ని వందలు పోగొట్టుకుంటాడో ఆలోచించండి.

ఈ మధ్య మన పిల్లలు ఇంగ్లండుకు చదువుకోను పోతున్నారు గనుక ఒక మాట. అక్కడ వీసాతోపాటే ఆరోగ్య రుసుము కట్టించుకుంటారు. 2024 ఫిబ్రవరి నుండి విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు. అది కట్టినవాడికి సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్‌కు విడిగా డబ్బు లేదు. కాని నెలల తరబడి వరుసలో ఆగాలి. ముందు తన పేటలోని డాక్టరు వద్ద పేరు రాయించుకోవాలి. చూడ్డానికి పోయిన తల్లిదండ్రులకు మాత్రం ఇది వర్తించదు. వారికి మామూలు ఆపరేషన్‌కు అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. కనుక మోకాళ్లు, కళ్లు ఏమున్నా ఇక్కడే చూపించుకొని పోవటం మంచిది.

నాలుగవ సంగతి, జీతం భయం. “ఆపరేషన్ అయితే నెల్లాళ్లు బరువెత్తవద్దంటారు, జీతం ఎవరిస్తారు?” అని పిల్లలు అడుగుతారు. మా అబ్బాయి దాచటానికి ఇదీ ఒక కారణమే. కువైట్ 2010 కార్మిక చట్టంలో ఏడాదికి జబ్బు సెలవు 15 రోజులు పూర్తి జీతం మీద, తరువాత 10 రోజులు ముప్పాతిక జీతం, 10 రోజులు సగం, 10 రోజులు పాతిక, ఆపైన 30 రోజులు జీతం లేకుండా ఉంది. సౌదీలో 30 రోజులు పూర్తి జీతం, తరువాత 60 రోజులు ముప్పాతిక జీతం. ఎమిరేట్స్‌లో పరీక్షా కాలం గడిచాక 15 రోజులు పూర్తిగా, 30 రోజులు సగం. ఇది యజమాని దయ కాదు, చట్టం. అయితే డాక్టరు రాసిన సెలవు కాగితం చేతిలో ఉండాలి. నోటిమాట చెల్లదు.

ఐదవ సంగతి, మన ప్రభుత్వం వైపు నుండి ఉన్నవి. ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన పాస్‌పోర్టు మీద పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు లక్ష వరకు అని అందులో ఉంది. ఏజెంటు ఆ పాలసీ కాగితం తన దగ్గరే ఉంచుకుంటాడు. అడిగి తీసుకొని ఒక నకలు ఇంట్లో పెట్టుకోండి. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ప్రతి రాయబార కార్యాలయంలో ఉంది. నిజంగా స్తోమత లేనివారికి అత్యవసర వైద్యానికి సాయం చేస్తారు. మామూలు ఆపరేషన్‌కు దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

ఆరవ సంగతి. “అయితే అక్కడే చేయించుకోవాలా, ఇంటికి రావాలా?” దీనికి ఒకే జవాబు లేదు. డాక్టరు ఆగవచ్చునని చెప్పి, సెలవు దగ్గరలో ఉండి, బరువు పని మానగలిగితే ఇంటికి రావచ్చు. మన గుడివాడలో ఏరియా ఆసుపత్రి ఉంది. బందరు పెద్దాసుపత్రి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనప్పటినుండి బోధనాసుపత్రి అయింది. బెజవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల పెద్దాసుపత్రి ఉండనే ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ అంటున్న పథకంలో కుటుంబం ఉన్నదో లేదో, అందులో పరదేశంలో ఉన్నవాడి పేరు ఉన్నదో లేదో ముందే చూసుకోండి. వాడు విమానం దిగాక చూసుకుంటే సెలవంతా ఆఫీసుల చుట్టూ తిరగటానికే సరిపోతుంది. కాని డాక్టరు ఆగవద్దు అంటే మాత్రం అక్కడే చేయించుకోవాలి. అమ్మ చేతి గంజి ఉండదు, నిజమే. బతికి ఉంటే గంజి ఎప్పుడైనా తాగవచ్చు.

చివరిగా మా పని, అక్షరాల పని. ఉర్దూ వచ్చినవాళ్లం అరబ్బీ చదవగలం, కాని అర్థం అదేనని భ్రమపడతాం. మా పొరపాటు నుండి పుట్టిన చిన్న పట్టీ ఇది. పిల్లల చేత రాయించుకోండి.

దమాన్ సిహ్హీ – కువైట్‌లో ఆరోగ్య బీమా. జామీను కాదు.
తామీన్ – సౌదీలో, దుబాయిలో బీమా.
తహ్వీల్ – పై ఆసుపత్రికి పంపే చీటీ. ఉర్దూలో లాగా పోలీసు కస్టడీ కాదు, భయపడవద్దు.
మౌఇద్ – డాక్టరు ఇచ్చిన తేదీ, వేళ.
అమలియ్యా – ఆపరేషన్.
ఫతఖ్ – హెర్నియా.
మువాఫకా – ఒప్పుదల. బీమా కంపెనీ ఒప్పుదలకూ ఇదే మాట, రోగి సంతకానికీ ఇదే మాట. దేనికో అడిగి సంతకం పెట్టాలి.
హవాదిస్ – కువైట్‌లో అత్యవసర విభాగం.
ఇజాజా మరదియ్యా – జబ్బు సెలవు. ఇజాజా అంటే ఇక్కడ ఇజాజత్ కాదు, సెలవు.

సంఘం పెద్దలకు మా మనవి రెండు. ఒకటి, ఈ పట్టీని అచ్చు వేయించి, పరదేశం పోయే ప్రతి పిల్లవాడి పాస్‌పోర్టులో పెట్టి పంపాలి. ఖర్చు వందల్లోనే, ఆ వందలు మేము ఇస్తాము. రెండు, నెలకు ఒక ఆదివారం సంఘం గదిలో కూర్చొని వచ్చిన కాగితాలు చదివి చెప్పేవారు కావాలి. మేము కూర్చుంటాము. గల్ఫ్‌లో పాతికేళ్లు చేసి తిరిగి వచ్చిన భాయిలు మన ఊళ్లోనే పదిమంది ఉన్నారు. వారిలో ఇద్దరు పక్కన కూర్చోవాలి. ఎందుకంటే మాకు అక్షరం తెలుసు, వారికి ఆ దేశం తెలుసు. ఒక్కరి చదువు చాలదని మాకు బాగా తెలిసివచ్చింది.

ఇంకొకటి కూడా సభ ముందు మాట ఇస్తున్నాము. ఆ గదిలో ఏ తల్లి కాగితం తెచ్చినా, మాకు తెలిసినదే తెలుసునని చెబుతాము. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవారిని అడిగి వారంలో జవాబు చెబుతాము. మాస్టారికి తెలియదట అని ఊరు నవ్వితే నవ్వనివ్వండి. 2015లో ఆ ఒక్క మాట అనలేకపోయాము.